తరిమే నౌక, తిరిగే నౌక: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే దృశ్యం గురించి. వెనక శత్రువుల నౌక తరుముకొస్తోంది. ముందున్న నౌకలో సిబ్బంది ఒక్కొక్క మీటా నొక్కుతున్నారు, ఏదీ పలకడం లేదు. ఇలాంటి కథ రాస్తూ సందేహం వచ్చినవాళ్లు కొందరు, చదివి నమ్మలేకపోయినవాళ్లు కొందరు. నేను ఉద్యోగం చేసిన ఇరవై ఆరేళ్లూ ఉపగ్రహాలను నిలకడగా ఉంచే పనిలోనే గడిచాయి. తరిమే శత్రువు నాకు ఎదురుపడలేదు గాని, మాట వినని నౌక ఎలా ఉంటుందో తెలుసు. అందుకని ఈ నెల పేజీ మొత్తం ఈ ప్రశ్నలకే ఇస్తున్నాను.

*ప్రశ్న: అమ్మా, నమస్కారం. నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నా కథలో రెండు నౌకలు ఒకే కక్ష్యలో, ఒకదాని వెనక ఒకటి భూమి చుట్టూ తిరుగుతుంటాయి. వెనక ఉన్న శత్రువులు ఇంజిన్ మండించి వేగం పెంచి ముందున్న నౌకను పట్టుకుంటారు. మా ఫిజిక్స్ లెక్చరర్ గారు చదివి, 'వేగం పెంచితే పట్టుకోలేరు, ఇంకా వెనకబడతారు' అన్నారు. ఇది నిజమేనా?*

మీ లెక్చరర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇది తెలియక దెబ్బతిన్నవాళ్లలో మొదటివాడు ఒక వ్యోమగామే. 1965 జూన్ 3న అమెరికా వాళ్ల జెమిని 4 నౌకను నడుపుతున్న జేమ్స్ మెక్‌డివిట్, తమను పైకి తెచ్చిన రాకెట్ రెండో దశ కళ్లెదురుగా కనిపిస్తుంటే దాని దగ్గరకు వెళ్లాలని చూశాడు. దానివైపు గురిపెట్టి ఇంజిన్ మండించాడు. అది దూరమైంది. మళ్లీ మండించాడు. మళ్లీ దూరమైంది. అందుబాటులో ఉన్న ఇంధనంలో దాదాపు సగం ఖర్చయ్యాక ఆ ప్రయత్నం మానుకోవాల్సి వచ్చింది.

కారణం ఇదీ. కక్ష్యలో ముందుకు తోసుకుంటే నౌక పైకి లేస్తుంది. పైకి లేచిన నౌక తిరగాల్సిన చుట్టు పెద్దది, ఆ ఎత్తులో దాని వేగం తక్కువ. చుట్టు పూర్తయ్యేసరికి ముందున్న నౌక ఇంకా ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. పట్టుకోవాలంటే చేయాల్సింది దీనికి తిరగబడిన పని. ముందు వేగం తగ్గించి కిందికి జారాలి. కింది కక్ష్య చిన్నది, అక్కడ నౌక త్వరగా చుట్టేస్తుంది.

అంకెలు మీ కథకు పనికొస్తాయి. భూమికి 400 కిలోమీటర్ల ఎత్తున నౌక సెకనుకు దాదాపు 7.7 కిలోమీటర్లు పోతుంది, 92 నిమిషాలకొక చుట్టు తిరుగుతుంది. శత్రువు మీకంటే పది కిలోమీటర్లు కిందుగా ఉన్నాడనుకోండి. ఒక్కో చుట్టుకు అతను దాదాపు 94 కిలోమీటర్లు దగ్గరవుతాడు. ఐదు వందల కిలోమీటర్లు వెనకబడి ఉంటే మిమ్మల్ని అందుకోవడానికి ఎనిమిది గంటలు పడుతుంది. ఈ ఎనిమిది గంటలను వదులుకోకండి. మీ సిబ్బంది కిటికీలోంచి కిందికి చూస్తారు. మేఘాల మీద ఒక మెరిసే చుక్క. చుట్టు తిరిగి మళ్లీ వెలుగులోకి వచ్చినప్పుడు చూస్తే అది ఇంకాస్త ముందుకు జరిగి ఉంటుంది. ఇంజిన్ల హోరు కన్నా ఇది ఎన్నో రెట్లు భయపెడుతుంది.

కథను భూమికి దూరంగా, గ్రహాల మధ్యకు తీసుకెళ్తే ఈ చిక్కు తగ్గి ఇంకొకటి వస్తుంది. అక్కడ లెక్కంతా ఇంధనానిది. రష్యా శాస్త్రవేత్త త్సియోల్‌కోవ్‌స్కీ 1903లో ప్రచురించిన రాకెట్ సూత్రం ప్రకారం, ఇంజిన్ నుంచి వాయువు సెకనుకు 3 కిలోమీటర్ల వేగంతో వెలువడుతుంటే, నౌక తన వేగాన్ని అంతే, అంటే 3 కిలోమీటర్లు పెంచుకోవడానికి మొత్తం బరువులో 63 శాతం ఇంధనంగా తగలబెట్టాలి. పారిపోయేవాడు ఒకసారి మండిస్తే చాలు. తరిమేవాడు అంత వేగమూ అందుకోవాలి, మధ్య దూరం తగ్గడానికి ఇంకాస్త పెంచాలి, దగ్గరకొచ్చాక ఆ పెంచినదాన్ని చంపుకోవాలి. లేకపోతే పక్కనుంచి దూసుకుపోతాడు. అంటే వేటాడేవాడికే ఖర్చెక్కువ. మీ శత్రువు మొహంలో కూడా ఆందోళన కనిపించాలి. అతని ట్యాంకు కూడా ఖాళీ అవుతోంది.

*ప్రశ్న: కథలో శత్రువుల దళపతి ఒక మీట నొక్కుతాడు. వెంటనే మన నౌకలో దీపాలు ఆరిపోతాయి, ఇంజిన్లు ఆగిపోతాయి, సిబ్బంది చేతులెత్తేస్తారు. నేను పంపిన ఈ కథను ఒక సంపాదకుడు తిప్పి పంపారు. 'ఇంత తేలిగ్గానా?' అని ఒక్క మాట రాశారు. నాకు చాలా బాధగా ఉంది. అసలు నౌక అదుపు ఎలా పోతుంది?*

ఆ ఒక్క మాటకు బాధపడకండి. ఆయన మీ కథలో ఉన్న అసలు లోటును వేలుపెట్టి చూపించారు. నౌక అదుపు ఒక్కసారిగా పోదు. విడతలు విడతలుగా పోతుంది, ఒకటి పోతూ పోతూ రెండోదాన్ని లాక్కుపోతుంది. ఆ వరుస తెలిస్తే మీ కథ దానంతటదే నడుస్తుంది.

చాలామంది అదుపు అనగానే ఇంజిన్, చుక్కాని గుర్తు చేసుకుంటారు. మా కంట్రోల్ గదిలో ఆ మాటకు అర్థం వేరు. నౌక ఎటు చూస్తోందో మనకు తెలియాలి, మనం చెప్పిన వైపు అది చూడాలి. అదే అదుపు. చూపు తప్పిందా, సౌరఫలకాలు సూర్యుడి నుంచి పక్కకు తిరుగుతాయి. కరెంటు తగ్గుతుంది. బ్యాటరీ మీద భారం పడుతుంది. యాంటెన్నా భూమి వైపు ఉండదు కాబట్టి మాట పోతుంది. బ్యాటరీ అయిపోతే హీటర్లు ఆగుతాయి, గొట్టాల్లో ఇంధనం గడ్డకడుతుంది. ఇప్పుడు చూపు సరిదిద్దుకోవడానికి థ్రస్టర్లు (నౌకను తిప్పే చిన్న ఇంజిన్లు) కూడా ఉండవు. సూర్యుణ్ని పరిశీలించే సోహో నౌకకు 1998 జూన్‌లో అచ్చంగా ఇదే జరిగింది. ట్యాంకులో గడ్డకట్టిన హైడ్రజీన్ ఇంధనాన్ని కరిగించి దాన్ని మళ్లీ సూర్యుడి వైపు తిప్పేసరికి సెప్టెంబరు వచ్చింది. ఏ శత్రువూ లేకుండానే ఇంత జరిగింది.

నేను చూసిన ఒక రాత్రి చెబుతాను. నైట్ డ్యూటీలో ఉన్నాం. తెర మీద ఉపగ్రహం నుంచి వచ్చే సంకేతం బలాన్ని చూపే గీత ఎప్పుడూ సమంగా ఉంటుంది. ఆ రాత్రి అది మెల్లగా లేచి, మెల్లగా పడింది. మళ్లీ లేచింది. నిద్రపోతున్న మనిషి ఛాతీలా. కంప్యూటర్ ఇచ్చే అంకెలను నమ్మే స్థితి లేదు, గైరోలు (తిరుగుడును కొలిచే పరికరాలు) చెప్పేదానికి, సౌరఫలకాల కరెంటు చెప్పేదానికి పొంతన లేదు. మా సీనియర్ ఒకాయన చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టారు. గీత శిఖరానికి చేరిన ప్రతిసారీ గోటితో బల్ల మీద ఒక దెబ్బ. పది దెబ్బలు లెక్కపెట్టి, పదితో భాగించి, "నలభై ఒక్క సెకన్లకు ఒక చుట్టు" అన్నారు. ఆ ఒక్క అంకెతో మా చేతికి పని దొరికింది. ఏ తొమ్మిది సెకన్లలో యాంటెన్నా మావైపు తిరుగుతుందో తెలిసింది. ఆ తొమ్మిది సెకన్లలోనే కమాండ్లు పంపాం. తెల్లవారేసరికి గీత సమంగా నిలిచింది. ఆ గోటి చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. మీ కథలో ఓడిపోతున్న సిబ్బందికి అలాంటి ఒక మనిషినివ్వండి. భయపడుతూనే లెక్కపెట్టే మనిషిని.

మనుషులున్న నౌకల్లో ఇది ఎలా ఉంటుందో రెండు ఉదాహరణలు.

1966 మార్చి 16. జెమిని 8లో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, డేవిడ్ స్కాట్ అంతరిక్షంలో మొట్టమొదటిసారి ఇంకో నౌకతో, అంటే అజీనా అనే మానవరహిత నౌకతో, తమ నౌకను జతచేశారు. అరగంటైనా గడవకముందే జంట మొత్తం దొర్లడం మొదలైంది. ఆ సమయంలో భూకేంద్రాలతో మాట కలవడం లేదు. తప్పు అజీనాదే అనుకున్నారు. దాన్ని విడదీశారు. విడదీయగానే తమ నౌక మరింత వేగంగా, దాదాపు సెకనుకు ఒక చుట్టు తిరగసాగింది. దోషి అజీనా కాదు, తమ సొంత నౌకలోని ఎనిమిదో నంబరు థ్రస్టర్. మండుతూనే ఉండిపోయింది. చూపు మసకబారుతుంటే ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ థ్రస్టర్ల వ్యవస్థ మొత్తాన్ని ఆపేసి, భూమికి తిరిగి వచ్చేటప్పుడు వాడాల్సిన వేరే థ్రస్టర్లతో నౌకను నిలిపాడు. ఆ ఇంధనంలో దాదాపు మూడొంతులు దానికే పోయింది. నిబంధన ప్రకారం వెంటనే దిగిపోవాల్సి వచ్చింది.

ఇందులో మీకు బంగారంలాంటి విషయం ఒకటుంది. సిబ్బంది మొదట అనుమానించింది తప్పుడు శత్రువును. కళ్లెదుట ఇంకో నౌక ఉంటే ఎవరైనా దాన్నే అనుమానిస్తారు. మీ కథలో వెనక తరిమేవాళ్లు ఉన్నారు. నౌక తిరగడం మొదలైతే అందరూ 'వాళ్ల పనే' అంటారు. నిజంగా వాళ్ల పనేనా, మన కవాటం ఇరుక్కుందా అన్నది తేలకుండా గడిచే ఆ నాలుగైదు నిమిషాలే కథకు ప్రాణం.

రెండోది 1997 జూన్ 25. మిర్ అనే రష్యా అంతరిక్ష కేంద్రంలో వసీలీ త్సిబ్లియెవ్, అలెగ్జాండర్ లజూత్కిన్, మైకేల్ ఫోల్ ఉన్నారు. త్సిబ్లియెవ్ లోపల కూర్చుని, దాదాపు ఏడు టన్నుల ప్రోగ్రెస్ సరకు నౌకను కెమెరా బొమ్మ చూస్తూ దూరం నుంచే నడిపిస్తున్నాడు. అది ఆగలేదు. వచ్చి స్పెక్టర్ అనే గదిని ఢీకొట్టింది. గాలి పోతోంది. ఆ గది తలుపు మూయాలి. కాని తలుపులోంచి కేబుళ్లు పోతున్నాయి. కొన్నింటిని ఊడబీకి, ఊడనివాటిని కత్తితో కోసి, ఒక మూతను అడ్డం పెట్టి గదిని మూసేశారు. గాలి నిలిచింది. కాని కోసిన తీగల్లోనే స్పెక్టర్ సౌరఫలకాల కరెంటు కూడా ఉంది. కేంద్రం మెల్లగా దొర్లుతూ చీకటైపోయింది. అప్పుడు ఫోల్ కిటికీ దగ్గరకు వెళ్లి, చేయి చాచి బొటనవేలును అద్దానికి ఎదురుగా పెట్టి, నక్షత్రాలు ఆ వేలిని ఎంతసేపట్లో దాటుతున్నాయో చూసి, తిరుగుడు వేగాన్ని అంచనా కట్టాడు. దాన్ని భూమికి చెప్పారు. తర్వాత జతగా ఉన్న సోయజ్ నౌక ఇంజిన్లు మండించి కేంద్రాన్ని మళ్లీ సూర్యుడి వైపు తిప్పుకున్నారు.

ఒక బొటనవేలు. మా సీనియర్ గారి గోరులాగే.

ఇక శత్రువు నిజంగా మన నౌకను తన చేతుల్లోకి తీసుకోవాలంటే ఏం చేయాలి? మీట నొక్కితే చాలదు. వచ్చి పట్టుకోవాలి. ఇది శాంతియుతంగా ఇప్పటికే జరిగింది. 2020 ఫిబ్రవరి 25న ఎంఈవీ-1 అనే నౌక, ఇంధనం అయిపోవస్తున్న ఇంటెల్‌శాట్ 901 ఉపగ్రహం దగ్గరకు వెళ్లి, దాని ఇంజిన్ నాజిల్‌లోకి, అంటే వాయువు బయటికి వచ్చే మూతిలోకి, ఒక కడ్డీని దూర్చి, లోపల విచ్చుకునేలా చేసి, దాన్ని తనకు బిగించుకుంది. అప్పటినుంచి ఆ జంట ఎటు చూడాలో నిర్ణయించింది వచ్చిన నౌకే. అతుక్కోవడానికి వీలుగా ఇంటెల్‌శాట్‌కు ప్రత్యేకమైన కొక్కెం ఏమీ లేదు. ఉన్న నాజిలే కొక్కెం అయింది. దాని యజమానులు అడిగి చేయించుకున్న సేవ అది. మీ కథలో అడగకుండా చేస్తారు. సిబ్బందికి ముందు ఒక చిన్న కుదుపు తెలుస్తుంది. తర్వాత తాము ఎటు తిరగమన్నా నౌక ఇంకోవైపు తిరుగుతుంది. తమ థ్రస్టర్లు ఒకవైపు, వాళ్లవి ఇంకోవైపు పోరాడతాయి. 2021 జూలై 29న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఇలాంటి పెనుగులాటే జరిగింది. కొత్తగా వచ్చి జతకూడిన 'నవూకా' అనే రష్యా మాడ్యూల్ (కేంద్రానికి అతికించే గది) థ్రస్టర్లు ఎవరూ చెప్పకుండానే మండాయి. కేంద్రం ఏకంగా 540 డిగ్రీలు, అంటే ఒకటిన్నర చుట్టు తిరిగింది. దాన్ని ఆపడానికి జ్వెజ్దా మాడ్యూల్, అక్కడే ఉన్న ప్రోగ్రెస్ నౌక తమ థ్రస్టర్లతో ఎదురు తోశాయి. లోపల ఏడుగురు ఉన్నారు.

మరి మీ సిబ్బంది చేయగలిగింది ఏమీ లేదా? ఉంది, ఇది మీరు తప్పకుండా వాడుకోవాలని నా కోరిక. గిరగిర తిరిగే నౌకకు ఎవరూ అతుక్కోలేరు. 1985 జూన్‌లో జనిబెకోవ్, సవినిఖ్ అనే ఇద్దరు సోవియట్ వ్యోమగాములు, కరెంటు పోయి, మాట పోయి చచ్చిపడి ఉన్న సల్యూత్ 7 కేంద్రానికి చేత్తో పట్టుకునే లేజర్ దూరమాపకం సాయంతో తమ నౌకను నడిపి జతచేశారు. లోపల నీళ్లు గడ్డకట్టి ఉన్నాయి, ఉన్ని టోపీలు పెట్టుకుని పనిచేశారు. అది వేగంగా దొర్లుతూ ఉండి ఉంటే వాళ్ల నేర్పు కూడా సరిపోయేది కాదు. కాబట్టి శత్రువు వంద మీటర్లలోకి వచ్చినప్పుడు మీ కెప్టెన్ తన చేత్తో తానే నౌకను తిప్పేయవచ్చు. అప్పుడు సౌరఫలకాల మీద ఎండ నిలవదు, మాట తెగిపోతుంది, కడుపులో తిప్పుతుంది, బ్యాటరీ గడియారం వెనక్కి నడుస్తుంది. అయినా మీ కెప్టెన్ తిప్పేస్తుంది. అదుపు పోవడం వేరు, చేజేతులా వదిలేయడం వేరు. మీ కథలో మొదటిదే ఉంది. రెండోది రాసి మళ్లీ పంపండి.

*ప్రశ్న: ఇవన్నీ ఎందుకండీ, ఈ రోజుల్లో హ్యాక్ చేస్తే సరిపోదా?*

మీ ప్రశ్నలో న్యాయం ఉంది. 2008లో భూమిని పరిశీలించే టెర్రా ఉపగ్రహం విషయంలో ఇది దాదాపు జరిగింది. అమెరికా కాంగ్రెస్‌కు నివేదించే ఒక కమిషన్ 2011లో దాన్ని బయటపెట్టింది. 2008 జూన్‌లో రెండు నిమిషాలకు పైగా, అక్టోబరులో తొమ్మిది నిమిషాలకు పైగా ఎవరో ఆ ఉపగ్రహంతో జోక్యం చేసుకున్నారు. దానికి కమాండ్ ఇవ్వడానికి కావలసిన మెట్లన్నీ ఎక్కారు. కమాండ్ మాత్రం ఇవ్వలేదు. తలుపు తీసి, గుమ్మంలో నిలబడి, వెళ్లిపోయారన్నమాట. ఒక రచయితకు ఇంతకంటే ఏం కావాలి?

కాని గమనించండి. ఇలాంటి దాడుల్లో బలహీనమైన చోటు చాలాసార్లు నౌక కాదు, నేల మీద ఉన్న వ్యవస్థ. 2022 ఫిబ్రవరి 24న యూరప్‌కు ఇంటర్నెట్ అందించే కేఏ-శాట్ వ్యవస్థ మీద దాడి జరిగినప్పుడు పాడైనవి ఇళ్లలో, కార్యాలయాల్లో ఉన్న మోడెమ్‌లు. పైనున్న ఉపగ్రహానికి ఏమీ కాలేదు. మీ శత్రువులు తెలివైనవాళ్లయితే నౌకను తరమడం కంటే ముందు నౌకతో మాట్లాడే గదిని పట్టుకుంటారు. అప్పుడు సిబ్బందికి రోజూ వినే గొంతే తప్పుడు ఆదేశాలు చదివి వినిపిస్తుంది.

మనుషులున్న నౌకకు ఒక రక్షణ ఉంది. చేత్తో తిప్పే స్విచ్చులు, చేత్తో మూసే కవాటాలు ఉంటాయి. వాటికి పాస్‌వర్డ్ అక్కర్లేదు.

*ప్రశ్న: శత్రువులకు కనబడకుండా ఇంజిన్లు ఆపేసి దాక్కోవచ్చా?*

గ్రహం వెనకో, చంద్రుడి వెనకో అయితే కొంతసేపు వీలవుతుంది. బయలులో కష్టం. మనుషులు బతకాలంటే గది ఇరవై డిగ్రీల వెచ్చదనంలో ఉండాలి. ఆ వెచ్చదనంలో ఉన్న నల్లటి ఉపరితలం చదరపు మీటరుకు దాదాపు 420 వాట్ల వేడిని వెదజల్లుతుంది. చుట్టూ ఉన్న ఆకాశం పరమ శూన్య ఉష్ణోగ్రతకు, అంటే అంతకంటే చల్లదనం సాధ్యం కాని హద్దుకు, మూడు డిగ్రీల దూరంలో ఉంటుంది. పరారుణ కెమెరాకు ఆ తేడా చీకట్లో దీపం.

*ప్రశ్న: కాల్పులు జరిపితే?*

కక్ష్యలో తుపాకి ఒకసారి పేలింది. సోవియట్ సైనిక కేంద్రం సల్యూత్ 3కు ఒక ఫిరంగి బిగించారు. దాన్ని 1975 జనవరిలో, లోపల మనుషులు లేనప్పుడు, పేల్చి చూశారు. తుపాకి కదలదు, గురిపెట్టాలంటే కేంద్రాన్నే మొత్తంగా తిప్పాలి. అంటే అక్కడ కూడా మొదటి ప్రశ్న అదే, నౌక ఎటు చూస్తోంది?

*ప్రశ్న: మా కథలో గుండు తగిలి నౌకకు రంధ్రం పడుతుంది, క్షణంలో అందరూ బయటికి ఎగిరిపోతారు. సరిగ్గానే రాశానా?*

సరికాదు, కాని సరిచేస్తే కథ ఇంకా బాగుంటుంది. వంద ఘనపు మీటర్ల గదికి ఒక చదరపు సెంటీమీటరు రంధ్రం, అంటే చిటికెన వేలి గోరంత, పడిందనుకోండి. సెకనుకు ఇరవై లీటర్ల చొప్పున గాలి పోతుంది. సగం గాలి పోవడానికి దాదాపు గంట పడుతుంది. రంధ్రం పది రెట్లు పెద్దదైతే ఆరు నిమిషాలు. ఎవరూ ఎగిరిపోరు. చెవులు గడియ పడతాయి, కాగితం ముక్కలు మెల్లగా ఒకవైపు జరుగుతాయి. వెతకాల్సినవాళ్లు వాటి వెనకే వెళ్తారు. 2018 ఆగస్టులో అంతరిక్ష కేంద్రానికి జతగా ఉన్న సోయజ్ నౌకలో దాదాపు 2 మిల్లీమీటర్ల రంధ్రం కనిపించినప్పుడు సిబ్బంది దాన్ని జిగురుతో మూశారు. గంట సమయం ఉండీ ఆ రంధ్రం ఏ అరల వెనక ఉందో దొరకకపోవడం, వెనకనుంచి శత్రువు రావడం. మీరు రాయాల్సింది ఇది.

*ప్రశ్న: మా మనవరాలికి పదకొండేళ్లు. రాత్రి కథ చెబుతుంటే అడిగింది: 'శత్రువులు నౌకను పట్టుకునేస్తుంటే కెప్టెన్ దాన్ని వదిలేసి వెళ్లిపోవచ్చా అమ్మమ్మా? అది పిరికితనం కాదా?' నాకు జవాబు తోచలేదు. మీరు చెప్పండి.*

ఈ జవాబు ఆ పిల్లకే రాస్తున్నాను, మీరు చదివి వినిపించండి.

చిట్టితల్లీ, నువ్వు అడిగింది పెద్దవాళ్లు కూడా ఒప్పందాలు రాసుకుంటూ ఆలోచించిన ప్రశ్న. 1967లో చాలా దేశాలు కలిసి చేసుకున్న అంతరిక్ష ఒప్పందంలో, నౌక ఏ దేశం పేరున నమోదైందో దాని మీద, దానిలోని మనుషుల మీద అధికారం ఆ దేశానిదే అని ఉంది. ఎవరో వచ్చి పట్టుకున్నంత మాత్రాన నౌక వాళ్లదైపోదు. కెప్టెన్ దిగిపోయినా దాని మీద హక్కు పోదు. సముద్రపు దొంగల గురించి చట్టాలున్నాయి గాని, ఆ ఒప్పందంలో అంతరిక్షపు దొంగల ఊసే లేదు. బహుశా నువ్వు పెద్దయ్యాక రాయాల్సి వస్తుందేమో.

ఇప్పుడు వదిలేయడం సంగతి. మిర్ కేంద్రంలో గాలి పోతున్నప్పుడు, అక్కడ ఉన్న ముగ్గురూ సోయజ్ నౌక ఎక్కి భూమికి వచ్చేయగలిగేవాళ్లు. అది అందుకే అక్కడ ఉంది. వాళ్లు ఉండి తలుపు మూశారు. మూయలేకపోయి ఉంటే ఎక్కి వచ్చేసేవాళ్లు, అప్పుడు కూడా ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. 2021 నవంబరులో, ధ్వంసమైన ఒక ఉపగ్రహం ముక్కలు కక్ష్యలో తిరుగుతున్నాయని తెలిసినప్పుడు అంతరిక్ష కేంద్రంలోని వాళ్లు పనులాపేసి, తిరుగు ప్రయాణపు నౌకల్లోకి వెళ్లి తలుపులు మూసుకుని కూర్చున్నారు. మనిషి బతికుంటే నౌక దగ్గరకు మళ్లీ రావచ్చు, అది వాళ్లకు తెలుసు.

పైన ఆర్మ్‌స్ట్రాంగ్, స్కాట్‌ల సంగతి చెప్పాను కదా, అందులో ఒక ముక్క నీకోసం దాచాను. నౌకలు రెండూ గిరగిర తిరుగుతున్నాయి. ఆర్మ్‌స్ట్రాంగ్ అజీనాను వదిలేద్దామన్నాడు. స్కాట్ వెంటనే వదల్లేదు. అంత తిరుగుడులోనూ ముందు ఇంకో పని చేశాడు. అజీనాకు కమాండ్లు ఇచ్చే వీలును భూమి మీద ఉన్నవాళ్లకు అప్పగించాడు. అది చేయకుండా విడదీసి ఉంటే, ఆ తర్వాత అజీనా ఎవరు పిలిచినా పలికేది కాదు. అప్పగించి, అప్పుడు విడదీశాడు.

నాలుగు నెలల తర్వాత, 1966 జూలైలో, జాన్ యంగ్, మైకేల్ కాలిన్స్ జెమిని 10లో పైకి వెళ్లారు. వదిలేసిన ఆ అజీనా ఇంకా అక్కడే తిరుగుతోంది. యంగ్ నౌకను దాని పక్కకు తెచ్చి నిలిపాడు. కాలిన్స్ తలుపు తీసుకుని బయటికి వెళ్లి, దాన్ని పట్టుకుని, దానికి బిగించి ఉన్న ఒక చిన్న పెట్టెను విప్పుకుని వచ్చాడు. అంతరిక్షంలో తిరిగే సన్నటి ధూళి రేణువులు ఎన్ని తాకాయో తెలుసుకోవడానికి పెట్టిన పెట్టె అది.